జోలెవారి వెన్ను

పూసల మూట భుజాన వేసుకుని, తలపాగా కనుబొమ్మల దాకా దించుకుని, శంఖగిరి యువరాజు హేమధ్వజుడు పొద్దు పొడిచే వేళకు ఉలవకొండ దిగువనున్న జోలెవారి పల్లెలో అడుగుపెట్టాడు. గుర్రాన్ని వాగు అవతల వదిలాడు. కత్తిని ఇప్పచెట్టు తొర్రలో దాచాడు. ముఖమల్ జోళ్ళకు అలవాటుపడిన కాళ్ళలో పల్లేరుకాయలు దిగుతున్నాయి. దిగనీ అనుకున్నాడు. యువరాజుగా వస్తే ఆ పల్లె కుక్కల్ని వదులుతుందని అతనికి తెలుసు. వదలడం న్యాయమనీ తెలుసు.

శంఖగిరిలో ఒక ఆచారం ఉంది. యుద్ధం గెలిచాక సైన్యమంతా పైబట్ట తీసి వరుసగా నిలబడాలి. దాన్ని రొమ్ముచూపు అంటారు. రొమ్మున గాయమున్నవాడికి రాజు తన చేత్తో వెండి పొదిగిన పులిగోరు కడతాడు. పులిగోరు కట్టినవాడు సంతకు పోతే జనం దారి ఇస్తారు. పెళ్ళికి పోతే ముందు పీట వాడిదే. చనిపోతే చితిలో గంధపు చెక్క పడుతుంది. వీపున గాయమున్నవాడికి మాత్రం మొహాన బూడిద పూసి కోట దాటిస్తారు. వీపున గాయమంటే పారిపోతుంటే తగిలిందే అని తాతలు చెప్పారు. తాతలు చెప్పిందాన్ని ఎవరూ తిరగేసి చూడలేదు.

ఎర్రదిబ్బల యుద్ధం గెలిచిన ఏట రాజుకు జ్వరం. హేమధ్వజుడు మొదటిసారి రాజు పీట మీద కూర్చున్నాడు. ఆనాడు సభ సంతయింది. విలుకాండ్రు లేచి, దూరాన్నుంచి కొట్టే మాకు రొమ్ము గాయం ఎక్కణ్ణుంచి వస్తుంది, మాకు మా గుర్తు ఇవ్వండన్నారు. మావటీలు లేచి, ఏనుగుకు తగిలిన బల్లెం మాకు తగిలినట్టు కాదా అన్నారు. సొరంగాలు తవ్వేవాళ్ళు మాట్లాడబోతే దగ్గు వచ్చింది, మాట రాలేదు. కత్తివాళ్ళూ గుర్రపువాళ్ళూ మీసాల చాటున నవ్వుకున్నారు. అడిగినవాడికల్లా గుర్తు ఇస్తే రేపు వంటవాళ్ళు గరిటె గుర్తు అడుగుతారని సేనాపతి రణభీముడు అన్నాడు. యువరాజుకు ఆ మాట చెరుకు ముక్కలా ఉంది.

చివర్న జోలెవారి పెద్ద దుగ్గన్న వచ్చాడు. జోలెవారంటే యుద్ధంలో కూలినవాళ్ళను మోసుకొచ్చేవాళ్ళు. వాళ్ళ చేతిలో ఆయుధం ఉండదు. మెడకు గుడ్డజోలె కట్టుకుని, బాణాలవానలోకి వట్టి చేతుల్తో పోతారు. దుగ్గన్న నోటితో ఏమీ అడగలేదు. వెనక్కి తిరిగి వీపు చూపించాడు. దుక్కి దున్నిన చేనులా ఉంది ఆ వీపు.

“వెన్ను చూపినవాడికి వేరే గుర్తెందుకు? వెన్ను మీదే ఉందిగా,” అన్నాడు హేమధ్వజుడు.

సభ విరగబడి నవ్వింది. బూడిద పళ్ళెం వచ్చింది. దుగ్గన్న పూయించుకున్నాడు. తుడుచుకోలేదు. అతని వెనకే జోలెవారంతా వచ్చి, ఒక్కొక్కరే మొహం పట్టి పూయించుకుని, ఆడవాళ్ళతో సహా కోట దాటి కొండల్లోకి వెళ్ళిపోయారు. ఎవరూ ఆపలేదు. పీడా పోయిందన్నారు.

ఆ పీడ ఎంత పనికొచ్చేదో నిన్న తెలిసింది.

యువరాజు చెల్లెలు ఇందీవరను ధూమ్రజటి అనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, వేయికళ్ళ కనుమ అవతలి గుహలో మంత్రనిద్ర పుచ్చాడు. శంఖగిరి మన్ను ఒంటికి తగిలితే తప్ప ఆ నిద్ర వదలదు. మాంత్రికుడు అమావాస్య పూజకు పోయిన సందు చూసి హేమధ్వజుడు పులిగోరు వీరులతో గుహలో జొరబడ్డాడు. కాపలా ఉన్న రెండు తలల తోడేళ్ళను నరికాడు. చెల్లెల్ని పల్లకీలో పెట్టించాడు. అంతవరకూ అందరూ సింహాలే. గుహ నెత్తిన మెట్లు మెట్లుగా నిలబెట్టిన రాతి విలుకాండ్రు ఉన్నారు. లోపలికి వచ్చేవాణ్ణి ఆ రాళ్ళు చూడవు. బయటికి ఏదైనా మోసుకుపోయేవాడు కనబడితే కళ్ళు తెరిచి విల్లు ఎక్కుపెడతాయి.

బాణాలు వెనకనుంచి వచ్చాయి. శంఖగిరి వీరుడు వెన్ను చూపుతాడా? అందరూ గిరుక్కున తిరిగి, రొమ్ములు విరిచి, డాళ్ళు అడ్డంపెట్టి, పల్లకీ భుజాన ఉండగానే వెనక్కి వెనక్కి నడిచారు. లోకంలో ఇంకెవరూ అలా నడవరు. దారి సన్నబడ్డ చోట మొదటివాడు తూలాడు. వాడి మీద రెండోవాడు పడ్డాడు. పల్లకీ బోర్లపడింది. ఒక బాణం ఇందీవర చెంప పక్కనున్న కర్రలో దిగి గజగజ ఊగింది. హేమధ్వజుడి చేతిలో చెల్లెలి చెయ్యి ఉంది. ఇంకో బాణం వచ్చింది. అతను ఆ చెయ్యి వదిలేశాడు.

వదిలేసి పాకుతూ బయటపడ్డాడు. మొహం మాత్రం శత్రువు వైపే ఉంది. వీపున గీత కూడా పడలేదు.

మోసేవాళ్ళు లేకపోయేసరికి రాళ్ళు కళ్ళు మూసుకున్నాయి. కనుమ నడుమ ఆ పిల్ల నిద్రపోతూ ఉండిపోయింది. ఈ రోజు పొద్దు వాలేసరికి ధూమ్రజటి తిరిగొస్తాడు.

పల్లెలో ఆడవాళ్ళు పూసల చుట్టూ మూగారు. వాళ్ళలో దుగ్గన్న భార్య నూకాలు ఉంది. ఒక దండ తీసి వెలుగుకు పట్టి చూసింది. పూసలవాణ్ణి కూడా అలాగే చూసింది. దండను మూటలో పడేసింది.

“పూసలమ్ముకునేవోడి చెయ్యి మాటమాటకీ నడుంకాడికి పోదు బాబూ. కత్తి ఏ తొర్రలో పెట్టొచ్చావు?”

హేమధ్వజుడు తలపాగా తీశాడు. మగవాళ్ళు ఇళ్ళలోంచి వచ్చి దూరంగా నిలబడ్డారు. వాగు ఒడ్డున కడిగిన జోలెలు కంపల మీద ఆరేస్తున్న దుగ్గన్న మాత్రం ఆ పని ముగించుకునే వచ్చాడు. ఇప్పుడు ఆ జోలెల్లో వాళ్ళు మోసేది సైనికుల్ని కాదు. నొప్పులు పడే ఆడవాళ్ళను కొండలు దాటించి మంత్రసాని దగ్గరికి చేరుస్తున్నారు.

యువరాజు జరిగింది జరిగినట్టు చెప్పాడు. చెయ్యి వదిలేసిన సంగతి కూడా చెప్పాడు.

“బూడిద మా పొయ్యిలోనూ ఉంది. తెమ్మంటావా?” అంది నూకాలు.

తెమ్మని అతను మోకాళ్ళ మీద కూర్చుని మొహం ఎత్తాడు. ఆమె నిజంగానే గుప్పెడు తెచ్చింది. దుగ్గన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“వద్దులే. పని మీద పోయేవోడికి కళ్ళల్లో పడుద్ది.”

హేమధ్వజుడు మెడలోని పులిగోరు తెంపి అతని ముందు పెట్టాడు. దుగ్గన్న దాన్ని ముట్టుకోలేదు. “ఇది నీ పనికిచ్చింది దొరా. యుద్ధంలో నీ పని నువ్వు బాగానే చేశావు, నేను చూశాను. మా పని వేరు. గద్ద గోరు తెచ్చి కొంగకి కడితే చేప దొరుకుద్దా?”

ఎర్రదిబ్బల్లో తలకు దెబ్బ తగిలి తాను కూలిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది యువరాజుకు. కళ్ళు తెరిచేసరికి డేరాలో ఉన్నాడు. ఎవరు తెచ్చారని ఆనాడు అడగలేదు. ఇప్పుడు అడిగాడు, నన్ను మోసింది నువ్వేనా అని. అవునంటే బాగుండునని అతని మనసులో ఉంది. ఒక మనిషికి రుణపడ్డానంటే కాళ్ళు పట్టుకోవచ్చు.

“గుర్తులేదు దొరా,” అన్నాడు దుగ్గన్న. “పడినోళ్ళ మొహాలు మేం చూడం. నెత్తురు ఎక్కణ్ణుంచి పోతోందో చూస్తాం. ఎవరో తెచ్చుంటారు.”

ఆ మాట దెబ్బకంటే ఎక్కువ తగిలింది.

నూకాలు గుప్పిట్లోని బూడిద గాలికి వదిలేసింది. మా ఆయన వస్తాడు, ఆయన సంగతి నాకు తెలుసు, పడున్న మనిషి ఉందంటే చాలు అన్నం వదిలేసి లేస్తాడని చెప్పింది. తర్వాత యువరాజు వైపు తిరిగింది.

“నాదొక్క మాట. సభలో అన్నావు, సభలోనే ఎనక్కి తీసుకో. మా పిల్లలకి పిల్లనిచ్చే ఇల్లు లేదు. సంతలో ఉప్పు కొలిచేవోడు కూడా ముందు వీపు చూపించమంటాడు. గుర్తు ఇస్తావో మానేస్తావో నీ ఇష్టం. ఆ మాట మాత్రం తీసుకో.”

తీసుకుంటానన్నాడు. మిగిలిన జోలెవాళ్ళు కదల్లేదు. రమ్మని అడిగే మొహం యువరాజుకు లేదు. దుగ్గన్న ఆరీ ఆరని జోలె ఒకటి మడిచి చంకన పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే గుర్రం ఎక్కారు.

దారిలో తెలిసిన సంగతి ఏమంటే, దుగ్గన్న ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు. ఎర్రదిబ్బల బాణం ఇంకా లోపలే ఉంది. అందుకని పిల్లను నువ్వే మోయాలన్నాడు. నేను నీడనవుతానన్నాడు. జోలె పనిలో మోసేవాడి వెనక ఇంకొకడు వట్టి చేతుల్తో పరిగెడతాడు. మోసేవాడికి తగలవలసింది వాడికి తగులుతుంది. వాణ్ణి నీడ అంటారు.

హేమధ్వజుడు కళ్ళెం లాగి గుర్రాన్ని ఆపాడు. అలా అయితే వద్దన్నాడు.

“చెయ్యి లేవదు గానీ వీపు ఉందిగా,” అన్నాడు దుగ్గన్న. “నడిపించు. ఒక్కటి గుర్తుపెట్టుకో. ఎనక ఏం వినబడినా తిరక్కు. నువ్వు తిరిగావా, బాణానికి ఎదురయ్యేది నువ్వు కాదు, జోలెలో మనిషి.”

నిన్నటినుంచి యువరాజు ఎవరితోనూ అనలేకపోయిన మాట అదే. వీరులు రొమ్ము చూపిస్తూ నడుస్తుంటే వాళ్ళ రొమ్ముకు ముందున్నది పల్లకీ.

వేయికళ్ళ కనుమ ముఖద్వారం కాలసర్పం ఆవలించినట్టు ఉంది. ఇరువైపులా నల్లరాతి గోడలు ఆకాశాన్ని దారంలా సన్నం చేస్తూ పైపైకి లేచాయి. ఆ గోడల పగుళ్ళలో పూసిన విషపు తీగల పువ్వులు నీలిమంటల్లా మెరుస్తున్నాయి. అడుగున పారే సన్నటి ఏరు పాదరసంలా చప్పుడు లేకుండా జారుతోంది. ఆ చివర, గుహ నెత్తిన, గంగమ్మ జాతరలో జనం నిలబడినట్టు మెట్టు మెట్టుకూ రాతి విలుకాండ్రు. వాళ్ళ కిరీటాలకు గబ్బిలాలు వేలాడుతున్నాయి. వాళ్ళ కళ్ళు మూసుకునే ఉన్నాయి.

ద్వారం బయట రణభీముడూ మిగిలిన వీరులూ నిన్నటినుంచీ ఇంటికి పోయే మొహం లేక పడి ఉన్నారు. దుగ్గన్నను చూసి కొందరు నేల చూశారు. దుగ్గన్న అందరికీ దండం పెట్టాడు. మేమూ వస్తామని సేనాపతి గొణిగాడు. వాళ్ళొద్దు, తిరుగుతారని దుగ్గన్న యువరాజు చెవిలో చెప్పాడు.

లోపలికి పోవడం తేలికే. ఏటి ఒడ్డున బోర్లపడ్డ పల్లకీ పక్కన ఇందీవర నిద్రపోతోంది. జుట్టులో ఎండుటాకులు చిక్కుకున్నాయి. నిన్న అన్న వదిలేసిన చెయ్యి వదిలేసినట్టే రాతి మీద పరుచుకుని ఉంది. హేమధ్వజుడు ఆ చేతిని చూడలేక ముందు దాన్నే జోలెలోకి సర్దాడు. దుగ్గన్న ముడి బిగించాడు. తల గుండె వైపు పెట్టించాడు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు వంగమన్నాడు.

యువరాజు లేచాడు. వెనక, రాతి రెప్పలు ఒక్కసారిగా తెరుచుకున్న చప్పుడు వినబడింది. పెద్ద మిద్దె కూలినట్టు ఉంది.

“పద,” అన్నాడు దుగ్గన్న.

పరిగెత్తాడు. మొదటి బాణం చెవి పక్కనుంచి పోయి ఏట్లో పడింది. రెండోది గోడకు తగిలి నిప్పులు రాల్చింది. తర్వాత లెక్క తెలియలేదు. ఒంట్లో ప్రతి నరమూ తిరుగు తిరుగు అంటోంది. పుట్టిన నాటినుంచీ నేర్చింది అదొక్కటే. అతను వంగి చెల్లెలి మొహం మాత్రం చూస్తూ పరిగెత్తాడు. దారి సన్నబడ్డ చోట పక్కవాటుగా నడిచాడు. కుడి భుజం కింద ఎవరో కాల్చిన గునపం దింపినట్టయింది. మోకాలు వంగింది. లేచాడు.

ఆకాశంలో పొగ సుడి తిరిగింది. పొగలోంచి ధూమ్రజటి గొంతు వచ్చింది.

“ఓహో, శంఖగిరి యువరాజా. ఏమిటది, వీపు చూపిస్తున్నావు? మీ ఊళ్ళో దీనికి బూడిద పూస్తారట కదా.”

హేమధ్వజుడి మొహం భగ్గున మండింది. సిగ్గు నిజంగానే వచ్చింది. సిగ్గుతోనే పరిగెత్తాడు.

వెనక దుగ్గన్న అడుగుల చప్పుడు అంతవరకూ వినబడుతూనే ఉంది. ఒక మూల తిరిగాక వినబడలేదు.

తిరగలేదు. పెదవి కొరికితే నోట్లోకి నెత్తురు వచ్చింది. ద్వారం దాటి, చెల్లెల్ని శంఖగిరి పొలిమేర మన్ను మీద దించాడు. ఆ పిల్ల దగ్గి కళ్ళు తెరిచింది. అన్నను చూసి, ఆకలేస్తోందంది. వీరులు ఆమెను చుట్టుకున్నారు. అప్పుడు తిరిగి చూశాడు. వెనక నీడ లేదు.

వీరులంతా యువరాజు వీపులో నిలబడిన బాణాన్ని చూస్తున్నారు. రణభీముడి చెయ్యి తన మెడలోని పులిగోళ్ళ దండ మీద ఆగిపోయింది. హేమధ్వజుడు బాణం కర్ర విరిపించుకుని, ఖాళీ జోలె మెడలో వేసుకుని మళ్ళీ లోపలికి పోయాడు.

దుగ్గన్న ఏటి మలుపులో బోర్లా పడి ఉన్నాడు. బతికే ఉన్నాడు. తిట్టాడు. ఒక రాజు బిడ్డకు ఇంత బుద్ధి లేకపోతే ఎట్లా, జోలెవోణ్ణి ఎవరూ మొయ్యరు, అది మా లెక్కలో లేదన్నాడు. యువరాజు ముడి వేశాడు. ముసలివాడు చూడటానికి ఎండుకర్రలా ఉన్నా గుండ్రాయంత బరువు. ఎత్తేసరికి భుజంలోంచి వేడిగా కారింది. పైన రాతి వేళ్ళు మళ్ళీ నారి సవరించుకున్నాయి.

అప్పుడే ధూమ్రజటి నవ్వు మానేశాడు. పొగ గోడల మధ్య ఆకాశాన్ని కప్పేసి, కిందికి దిగి, ద్వారానికి రెండు వైపులా పేరుకుని, పేరుకున్నది పేరుకున్నట్టు రాయి అవుతోంది. వెలుగు తలుపంత అయింది, కిటికీ అంత అయింది. హేమధ్వజుడు పరిగెత్తాడు. అందదని సగం దూరంలోనే తెలిసింది. వెలుగు అరచెయ్యంత మిగిలింది. ఆ సందులోంచి రణభీముడి మొహం కనబడింది. వెనక సైనికులు కనబడ్డారు.

ఊపిరి ఒక్క అరుపుకే ఉంది. గునపాలు తెమ్మనొచ్చు. మాంత్రికుడు వచ్చాడని చెప్పొచ్చు.

“రణభీమా, అందరూ వినండి. సభలో నేనన్న మాట తప్పు. జోలెవారి వీపు గాయం పారిపోతుంటే తగిలింది కాదు. మనల్ని మోస్తుంటే తగిలింది. ఎవరి పనికి వాళ్ళ గుర్తు...”

రాయి మూసుకుంది. మిగిలిన మాట ఆ రాయికి తగిలి అతని మొహం మీదకే వచ్చింది.

చీకటి. ఏరు కూడా చప్పుడు చేయడం లేదు. జోలెలోంచి దుగ్గన్న మెల్లగా అడిగాడు.

“వాళ్ళకి ఎంతదాకా వినబడుంటుంది?”

“తెలియదు.”

“సగమన్నా?”

“తెలియదు దుగ్గన్నా.”

ముసలివాడి ఊపిరి యువరాజు గుండెకు తగులుతోంది.

“అయితే మళ్ళీ చెప్పాల,” అన్నాడు దుగ్గన్న. “దానికి బతకాల. ఎడంపక్క చల్లగాలి వస్తోంది. ఎక్కడికో దారుంది. నడు.”

హేమధ్వజుడు గాలి వచ్చే వైపు వంగి, గోడ తడుముకుంటూ, మాంత్రికుడి రాజ్యంలోకి దిగే ఒక బిలం చేతికి తగిలితే అందులో మొదటి అడుగు వేశాడు. వెనక చీకట్లో రాతి నారులు ఒక్కొక్కటే చెవులదాకా సాగుతున్నాయి. అతను తిరగలేదు.